పదిహేడో చుక్కలో పప్పు

కొత్తగా ప్రయోగశాలల్లో చేరుతున్న పిల్లలు నాలాంటి రిటైరైనవాళ్లు కనిపిస్తే, ఇన్నేళ్ల సర్వీసులో మీరు కనిపెట్టిందేమిటని అడుగుతారు. అడగడంలో తప్పులేదు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. నిజం చెప్పాలంటే నేను కనిపెట్టింది ఒక్కటే: మనిషి మూత్రంలో కందిపప్పు ఉందని. అది తప్పని చెప్పాల్సి వచ్చింది కూడా నేనే. రెంటికీ మధ్య పట్టుమని పదిహేను రోజులు కూడా గడవలేదు.

మా ల్యాబ్ ఎల్బీనగర్ నుంచి మన్సూరాబాద్ వెళ్లే దారిలో, ఒక కాలనీలోని మూడంతస్తుల ఇంటి పైభాగంలో ఉండేది. కింద ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే కేంద్రం. వాళ్ల మిషన్లన్నీ ఒకేసారి మొదలైతే మా బల్లల మీది గాజు సామాను సన్నగా మోగేది. ఒక కిడ్నీ ఆసుపత్రికి అనుబంధంగా పెట్టిన ల్యాబ్ అది. కిడ్నీ జబ్బు ముదరకముందే దాన్ని పట్టిచ్చే ప్రోటీన్ ఏదైనా మూత్రంలో దొరుకుతుందేమో వెతకడం మా పని. మా బంధువుల్లో ఎవరైనా ఏం ఉద్యోగం అని అడిగితే మా ఆవిడ 'సైన్సు' అని చెప్పి మాట మార్చేది.

పనిచేసేది ముగ్గురం. మొదట సారు. డాక్టరుగా చదివి, పరిశోధన మీద మనసుపడి ఇటు వచ్చారు. బంగారం లాంటి మనిషి, కానీ అన్నిటికీ తొందర. పేపర్లో హెడ్డింగు చదివి మిగతా వార్త తనే ఊహించుకునేవారు. రెండు, మేడమ్. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా కొత్తపేటలో స్థిరపడినావిడ. మా ముగ్గురిలో అసలు సైంటిస్టు ఆవిడే. మూడు, నేను. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె.

పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే కథ నడవదు. మూత్రంలోని ప్రోటీన్లను పలకలాంటి ఒక జెల్ మీదికి ఎక్కించి కరెంటు పెడతాం. అవి వాటి స్వభావాన్ని బట్టి, బరువును బట్టి తలొక చోటికి చేరతాయి. నీలిరంగు వేస్తే చుక్కలు చుక్కలుగా కనబడతాయి. జబ్బు ఉన్నవాళ్ల జెల్‌లో కనబడి, లేనివాళ్ల జెల్‌లో కనబడని చుక్క మీద మాకు అనుమానం. అయితే చుక్క ఎక్కడుందో తెలుస్తుంది గానీ అది ఏ ప్రోటీనో తెలియదు. తెలియాలంటే ఆ చుక్కను బ్లేడుతో కోసి, దాన్ని ముక్కలు చేసే ఒక ఎంజైమ్ వేసి, ఆ ముక్కల్ని మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలో తూకం వేయాలి. ఆ తూకాలను కంప్యూటర్ తన దగ్గరున్న జాబితాలతో పోల్చి, ఇది ఫలానా ప్రోటీన్ కావచ్చని చెబుతుంది.

ఆ యంత్రం మనిషికి, మొక్కకు తేడా చూడదు. దుమ్ములో రాలిన చర్మం పొట్టు పడినా దాన్నీ అంతే శ్రద్ధగా తూచి చెబుతుంది. అందుకే మేడమ్ మా తలలకు టోపీలు, చేతులకు గ్లవ్స్ పెట్టించేది. ఒకసారి నేను టోపీ మరిచిపోయి జెల్ మీదికి వంగితే, 'మీ చుండ్రు మీద పరిశోధన చేయడానికి నాకు జీతం ఇవ్వట్లేదండీ' అంది. అప్పటినుంచి ఇంట్లో కూడా కూరలోకి వంగి చూడాలంటే నా చెయ్యి తల మీదికి పోయేది.

మా జెల్‌లలో పదిహేడో నంబరు చుక్క సారుకు ప్రాణం. కర్మన్‌ఘాట్‌లో ఉండే ఒక పెద్దాయన, ఇళ్లు కట్టే మేస్త్రీగా చేసి మానుకున్నవాడు, ఆయన నమూనాలో అది ముదురు నీలంగా వచ్చింది. సారు రోజూ పొద్దున్నే వచ్చి ఆ జెల్‌ను దీపం ముందు పెట్టి చూసేవారు. మా దగ్గర మాస్ స్పెక్ట్రోమీటర్ లేదు. ఊరికి ఆ చివరనున్న ఒక పెద్ద సంస్థలో ఉంది. నాలుగు నెలలు తిరిగితే మాకు ఒక రోజు కేటాయించారు. తీరా ఆ రోజు సకల జనుల సమ్మె మధ్యలో పడింది. బస్సులు డిపోల్లో ఉన్నాయి. ఆటోలు లేవు. తేదీ మార్చమని సారు ఫోన్ చేస్తే, మారిస్తే మళ్లీ అయిదు నెలల తరవాతే అన్నారు.

చివరికి మేడమ్ స్కూటీ మీద వెళ్లాలని తేలింది. నాకు బండి నడపడం రాదు. యాభై దాటిన మనిషిని, వెనక కూర్చుని థర్మోకోల్ డబ్బాను చంటిబిడ్డలా పొదువుకున్నాను. అందులో డ్రై ఐస్, దాని మధ్య ఇరవైనాలుగు చిన్న ట్యూబులు, ఒక్కో ట్యూబులో బియ్యపుగింజంత నీలం ముక్క.

దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి హైవే మీద వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా ఇటుకల పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు, చాపలు, డప్పులు. దూరం నుంచే చూసి మేడమ్ బండి నెమ్మదించింది. రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచి తెలంగాణ గురించి నాతో గంటసేపు వాదించే మనిషి, ఒక్కసారి వెనక్కి తిరిగి, 'మీరే మాట్లాడండి. నేను నోరు తెరిస్తే మనం ఇవాళ వెళ్లం' అంది. నేను నోరు తెరిస్తే వెళ్తామనే నమ్మకం ఆవిడకు ఎలా కలిగిందో నాకు తెలియదు.

అక్కడి పెద్దమనిషి మెడలో కండువా వేసుకున్న ఒక లెక్కల పంతులు. మర్యాదగానే ఆపాడు. నేను మేడమ్‌ను చూపించి, ఈమెకు గొంతు ఆపరేషన్ అయింది, మాట రాదు అని ముందే చెప్పేశాను. ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను. ఆయన చూపు మాత్రం నా ఒళ్లోని డబ్బా మీద ఉంది. మూత సందుల్లోంచి తెల్లటి ఆవిరి పారుతోంది.

"ఏంది తమ్మీ, పొగలొస్తున్నయ్?"

ప్రోటీన్ల గురించి పొద్దుటినుంచి మనసులో తయారు చేసుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి.

"ఉచ్చ సార్," అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. పంతులుగారు మాత్రం కదల్లేదు. ఎవరిదని అడిగాడు. కిడ్నీ బీమారి ఉన్నోళ్లది, అందరూ నల్గొండ దిక్కోళ్లే, పరీక్షకు తీస్కపోతున్నం అని చెప్పాను. ఆయన మైకు అందుకుని, మన బిడ్డల ఉచ్చ పరీక్షకు పోతున్నది, తొవ్వ ఇయ్యండ్రి అని ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్ల సర్వీసులో నా పనికి జనం చప్పట్లు కొట్టింది ఆ ఒక్కసారే.

తొవ్వ ఇచ్చారు గానీ, అన్నం తినకుండా పోవద్దన్నారు. వంటావార్పు దాకా వచ్చి తినకుండా పోతే బాగుండదన్నారు. టైముంది కదా అని కూర్చున్నాం. విస్తరాకుల్లో అన్నం, కందిపప్పు, మామిడికాయ తొక్కు వడ్డించారు. నేను ఆవురావురుమని తింటున్నాను. మేడమ్ రెండు ముద్దలు తిని ఆగింది. ఆవిడ ముఖంలో ఏదో పోరాటం జరుగుతోంది. వడ్డించే ఆమె, బలంగా ఉన్న ఒక నడివయసు మనిషి, గరిటె పట్టుకుని వచ్చి ఇంకా వేయమంటారా అన్నట్టు చూసింది. మేడమ్ ఇక ఆగలేకపోయింది.

"పప్పు బాగుందండీ. పోపే కాస్త మాడింది. మళ్లీ పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది."

చాప మీద అందరూ తినడం ఆపారు. నేను ముద్ద మింగలేదు, కక్కలేదు. గరిటె పట్టుకున్నామె మేడమ్ వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"ఆపరేషన్ మంచిగనే అయింది," అంది నింపాదిగా. "గొంతే గుంటూరుది పెట్టిన్రు."

పంతులుగారు ముందు నవ్వారు. తరవాత చాప మొత్తం నవ్వింది. ఆమె మేడమ్ చెయ్యి పట్టి లేపి, రా అక్కా, గా పోపేదో నువ్వే పెట్టు, చూస్తం అని పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది. మేడమ్ కొంగు బిగించి, మూకుడులో నూనె పోసి, ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసింది. ఆవాలు చిటపటమంటుంటే చుట్టూ చేరిన ఆడవాళ్లకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. జెల్ పోయడం నాకు నేర్పినప్పుడు కూడా అదే గొంతు. కొత్త పోపు పడ్డ పప్పు మళ్లీ నా విస్తరిలోకి వచ్చింది. వద్దనలేదు.

అసలు తప్పు ఇక్కడ జరిగింది. తిన్నాక చేతుల మీద గుక్కెడు నీళ్లు పోశారు. అంతకన్నా నీళ్లు లేవు. డబ్బా ఎలా ఉందోనని మూత తీసి చూశాను. గుంతల్లో పడిన కుదుపులకు కాబోలు, పదిహేడో ట్యూబు మూత ఊడి ఉంది. నీలం ముక్క బయటికి వచ్చి ట్యూబుల పెట్టె అంచుకు అంటుకుని ఉంది. గ్లవ్స్ మేడమ్ సంచిలో ఉన్నాయి. మేడమ్ పోపు దగ్గర ఉంది. పిలిస్తే మూత ఎలా ఊడిందని అడుగుతుంది. నేను రెండు వేళ్లతో ఆ ముక్కను తీసి ట్యూబులో వేసి మూత నొక్కేశాను. దానికి ఏమైనా అంటిందా అని చూడలేదు. చూస్తే అంటినట్టు కనబడుతుందని నాకు తెలుసు.

పంతులుగారు మలక్‌పేట దాటేదాకా మాకు తోడుగా జెండా కట్టిన మోటారుసైకిలును పంపారు. వేళకు చేరి ట్యూబులు అప్పగించాం.

వారం తిరిగేసరికి రిపోర్టు వచ్చింది. ఒక్కో చుక్కకు ఒక్కో పేజీ, పేజీలో పైనుంచి కిందికి, బాగా సరిపోలినవాటి నుంచి అంతంతమాత్రం సరిపోలినవాటి దాకా ప్రోటీన్ల జాబితా. పదహారు చుక్కల దాకా మామూలే. పదిహేడో పేజీలో మొదటి వరుసలో పప్పుధాన్యాల గింజల్లో నిల్వ ఉండే ప్రోటీన్ పేరుంది.

సారు కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నారు. తిన్న ప్రోటీన్ కడుపులో అరిగి ముక్కలైపోతుంది, మూత్రంలోకి ఎలా వస్తుందని మేడమ్ అభ్యంతరం చెప్పింది. అదే కదా కొత్త విషయం అన్నారు సారు. అరగకుండా రక్తంలోకి జారుతోంది, అక్కడినుంచి కిడ్నీని పాడుచేస్తోంది. ఇన్ని ఇళ్లల్లో రోజూ పప్పే. సాయంత్రానికి సిద్ధాంతం తయారైంది. మర్నాటినుంచి ఆయన స్వయంగా పప్పు మానేశారు, సాంబారు మానేశారు. మా ముందు ఇడ్లీని ఒట్టిగా నములుతుంటే చూడలేకపోయేవాళ్లం. మేడమ్ తన డబ్బాలోని పప్పును గది బయటికి వెళ్లి తిని వచ్చేది.

అంతటితో ఆగితే నవ్వుకునేవాళ్లం. సారు కర్మన్‌ఘాట్ మేస్త్రీని పిలిపించి, మళ్లీ చెప్పేదాకా పప్పు ముట్టవద్దని గట్టిగా చెప్పారు. ఆయన పక్కనే ఉన్న భార్య చేతులు కట్టుకుని విని, ఇకమీదట ఇంట్లో పప్పు గిన్నె పొయ్యి ఎక్కదని మాటిచ్చింది. ఆయన మాత్రం నా వైపు చూశాడు. ఎందుకు చూశాడో తెలియదు. అక్కడ ఆయన ఈడుకు దగ్గరగా ఉన్నది నేనే కావడం వల్ల కావచ్చు. మాంసం నెలకోసారి తినే మనిషి, పప్పు కూడా తీసేస్తే ఏం తింటాడు? ఆ రోజు నాకు అన్నం దిగలేదు. అయినా చెప్పలేదు. సారు కన్నా మేడమ్ అంటే భయం. చెప్పేద్దామని రెండు మూడు సార్లు సారు గది దాకా వెళ్లాను. ఆయన ఆసుపత్రి డాక్టర్ల ముందు చూపించడానికి స్లయిడ్లు చేసుకుంటూ, కందిచెట్టు బొమ్మ ఏది బాగుందని నన్నే అడిగారు. నేను ఒకటి ఎంచి ఇచ్చి వచ్చాను.

డాక్టర్ల సమావేశానికి ముందురోజు మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. చేతిలో పదిహేడో పేజీ. సారు చదవని కింది వరుసల్లో ఒకదాని కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంది. ఆవగింజల ప్రోటీన్. దాని కింద మనిషి చర్మపు ప్రోటీన్.

"పప్పు అరగలేదంటే సరేనండీ," అంది. "ఆవాలు కూడా అరగలేదా? పోపు మొత్తం కిడ్నీలోంచి వచ్చిందా?"

పేజీని నా ముందుకు జరిపింది.

"ఆ రోజు ఆ పోపు పెట్టింది నేను. డబ్బా దగ్గర ఉంది మీరు."

అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తనకు పోపు మీద ఉన్న శ్రద్ధ డబ్బా మీద ఉండాల్సిందని, తప్పులో సగం తనదని అంది. సారుకు తాను చెప్పనని, నేనే చెప్పాలని అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున సారు నేరుగా ఆసుపత్రికి వెళ్లిపోయారు. మేం వెళ్లేసరికి ఎనిమిది మంది డాక్టర్లు కూర్చుని ఉన్నారు. గోడ మీద నేను ఎంచిన కందిచెట్టు పచ్చగా కనబడుతోంది. సారు గొంతు సవరించుకుని, మనం ఇన్నాళ్లూ బలమని తింటున్నది అని మొదలుపెట్టారు. నేను వెనక వరుసలో లేచి నిలబడ్డాను.

"సార్, ఆ పప్పు పేషెంట్‌ది కాదు. నాది."

తరవాత ఏ వరుసలో చెప్పానో గుర్తులేదు. సమ్మె, ఉచ్చ, గొంతు ఆపరేషన్, పోపు, ఊడిన మూత, నా రెండు వేళ్లు, అన్నీ చెప్పాను. ఎవరూ అడ్డుపడలేదు. అయిపోయాక పెద్ద డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, చాలా గంభీరంగా, ఆ పోపులో ఎల్లిగడ్డ వేశారా అని అడిగారు. వెల్లుల్లి కూడా వేశానండీ అంది మేడమ్. గది నవ్వుల్లో మునిగిపోయింది.

సారు నవ్వలేదు. ఆవాలు ఎక్కడున్నాయని అడిగారు. మేడమ్ పేజీ ఇచ్చింది. అందరి ముందూ నిలబడి, ఆయన ఆ పేజీని మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివారు. ఆయన ఒక కాగితాన్ని పూర్తిగా చదవడం నేను చూసింది అప్పుడే. చదివి ప్రొజెక్టర్ ఆపేసి, ఇవాళ చెప్పడానికేమీ లేదు, అందరూ టీ తాగి వెళ్లండన్నారు.

వరండాలో నా దగ్గరికి వచ్చారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. తప్పు చేసినందుకు ఆయన ఒక్క మాట అనలేదు. వారంపాటు తాను ఒట్టి ఇడ్లీ తింటుంటే ఎదురుగా కూర్చుని ఎలా చూడగలిగారని మాత్రం అడిగారు. ఆ మేస్త్రీకి మీరే వెళ్లి చెప్పండి అని వెళ్లిపోయారు. ఆ తరవాత మూడు వారాలు నాతో పొడిపొడిగా మాట్లాడారు. మేడమ్ రాసిచ్చే రిపోర్టులను మాత్రం చివరిదాకా చదవడం మొదలుపెట్టారు. పదిహేడో చుక్క సంగతి అడుగుతారేమో, అయిదు నెలలు ఆగి మళ్లీ పంపించాం. అందరి మూత్రంలోనూ ఎంతో కొంత ఉండే ప్రోటీనే అది. ఎవరూ దాని కోసం చప్పట్లు కొట్టలేదు.

డాక్టర్ల సమావేశం జరిగిన మర్నాడు పొద్దున్నే పేషెంట్ల వివరాలు రాసే పుస్తకం పట్టుకుని కర్మన్‌ఘాట్ వెళ్లాను. ఒక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. మేస్త్రీ ముందు వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తలుపు మీద జై తెలంగాణ స్టిక్కరు. నేను చేతులు జోడించి, తప్పు మాదే, మీరు నిశ్చింతగా పప్పు తినొచ్చు అన్నాను. ఆయన ముఖం వెలుగుతుందనుకున్నాను. గాభరాగా లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించమని సైగ చేశాడు.

విషయం ఏమిటంటే, పక్క వాటాలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంది. ఈయన పథ్యం సంగతి తెలిసి ఆ ఇంటావిడ జాలిపడి, డాక్టర్లు అట్లాగే అంటారని, రోజూ మధ్యాహ్నం గోడ మీదినుంచి ఒక గిన్నె అందిస్తోంది. ఒకరోజు దోసకాయ పప్పు, ఒకరోజు గోంగూర పప్పు, ఒకరోజు బచ్చలికూర పప్పు. నలభై ఏళ్లుగా తమ ఇంట్లో ఒకటే పప్పని, ఇప్పుడు పప్పు తినొచ్చని భార్యకు తెలిస్తే మళ్లీ అదే వండుతుందని ఆయన నాతో గుసగుసగా చెప్పాడు. ఇంకో నెల ఆగి చెప్పమన్నాడు.

ఒక నిజాన్ని వారం రోజులు దాచి నేను పడ్డ అవస్థ చాలు. గొంతు పెంచి, అమ్మా, పప్పు వండొచ్చునట అని కేక వేశాను. ఆమె చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"నేనెందుకు వండుతా సారూ? రోజూ గిన్నె కడిగి ఇచ్చేది నేనే గద. గామె వండేటిదే మంచిగున్నది. నేను గూడ తింటున్న."

మేస్త్రీ నోరు తెరుచుకుని భార్యను చూశాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. నేను లేచాను. ఆయన నాతో గేటు దాకా వచ్చి, పక్క వాటా వైపు ఒకసారి చూసి, ఏదో పెద్ద జబ్బు సంగతి అడుగుతున్నట్టు అడిగాడు.

"సారూ, తెలంగాణ అయితే ఒస్తది. గీళ్లు పోరు గద?"

ఎందుకు పోతారు, ఎక్కడికీ పోరని చెప్పాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. నా చేతిలోని పుస్తకం చూపించి, గా మాట అండ్ల రాస్కో అన్నాడు. ఆయన పేజీ తీశాను. అటువంటి మాట రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. ఆహారం అన్న గడి ఒకటి ఖాళీగా ఉంది. అందులో 'పప్పు, రోజూ, పక్కింటిది' అని రాసి ఆయనకు చదివి వినిపించాను. ఇది చాలన్నాడు.